ఏప్రిల్ నెలాఖరున పంగర్చుల్లా ఎక్కవచ్చునా?

ప్రశ్న: అనంతపురంలో అధ్యాపకులుగా పనిచేస్తున్న ఆరుగురు మిత్రులం. వేసవి సెలవులు ఇవ్వగానే, ఏప్రిల్ చివరి వారంలో, ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైనున్న కువారీ కనుమకూ, అక్కడి నుంచి పంగర్చుల్లా శిఖరానికీ వెళ్ళాలనుకుంటున్నాము. ఒక వీడియోలో నడుము లోతు మంచు కనిపిస్తోంది. అదే నెల పేరు పెట్టిన మరొక వీడియోలో ఎండుగడ్డి, బండరాళ్ళు తప్ప మరేమీ లేవు. మేము వెళ్ళేసరికి మంచు ఎంత ఉంటుందో ఇక్కడి నుంచే తెలుసుకునే మార్గం ఉందా? ఏ సామాను కొనాలి? గుత్తి కోట, పెనుకొండ, అలిపిరి మెట్లు అలవాటున్న మాకు గైడు తప్పనిసరా? మాలో ఒకరికి 49 ఏళ్ళు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు. రానూపోనూ రైలు టికెట్లు తీయబోతున్నాము కనుక త్వరగా జవాబు ఇవ్వగలరు.

జవాబు: మీ ఉత్తరంలోని చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. తిరుగు ప్రయాణపు టికెట్టును మీరు అనుకున్న తేదీకి తీయకండి. దానికి మూడు రోజుల తర్వాతి తేదీకి తీయండి. మంచు గురించి అడిగితే రైలు గురించి చెబుతున్నాడేమిటని అనుకోవద్దు. కర్నూలులో ఉంటూ ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఆ కొండలకు పోయి వచ్చే మనిషిగా నేను గమనించింది ఏమిటంటే, మంచు మీద మనం చేసే పొరపాట్లలో చాలా వాటికి రిజర్వేషన్ చేయించుకున్న రోజే విత్తనం పడుతుంది. ఎల్లుండి ఢిల్లీలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితీరాలి గనుక రేపు తెల్లవారుజామున శిఖరం ఎక్కితీరాలి అన్న లెక్క ఒకసారి మనసులో పడ్డాక, కళ్ళ ఎదుట ఉన్న మంచు ఏమి చెబుతున్నా చెవికెక్కదు.

ఇక మీ మొదటి ప్రశ్న. రెండు వీడియోలూ నిజమే అయి ఉండవచ్చు. హిమాలయాల పశ్చిమ భాగంలో చలికాలపు మంచు మన రుతుపవనాల వల్ల పడదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడుల వల్ల పడుతుంది. అవి ఏ ఏడాది ఎన్ని వస్తాయో, మార్చిలో ఆగిపోతాయో, ఏప్రిల్ దాకా సాగుతాయో ముందుగా లెక్కగట్టి చెప్పడం కుదరదు. అనంతపురం రైతుకు జూన్ వాన ఎంత నమ్మకమో, పంగర్చుల్లాకు ఏప్రిల్ మంచు కూడా అంతే. దానికి తోడు ఒకే కొండకు దక్షిణం వైపు వాలు ఎండకు కరిగి గడ్డి తేలిన రోజున ఉత్తరం వైపు వాలులో తొడ లోతు మంచు నిలిచి ఉండవచ్చు. కాబట్టి వీడియో తీసినవారు ఏ వైపు నిలబడి తీశారన్నది, ఏ తేదీన తీశారన్నంత ముఖ్యమైన ప్రశ్న. అప్‌లోడ్ చేసిన తేదీ ఎందుకూ పనికిరాదు.

అయినా ఇంట్లో కూర్చుని తెలుసుకోగలిగింది కొంత ఉంది. యూరప్ అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు ఐదు రోజులకొకసారి ఆ కొండల ఫోటో తీస్తాయి. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఆ చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. పది మీటర్ల మేర నేల ఒక చుక్కగా కనిపిస్తుంది గనుక మంచుగీత ఏ ఎత్తు దాకా దిగి ఉందో స్పష్టంగా పోల్చుకోవచ్చు. మబ్బూ మంచూ రెండూ తెల్లగా కనిపించి తికమక పెడితే, అందులోనే పరారుణ కిరణాలతో రంగులు మార్చి చూపే ఏర్పాటు వాడండి. మంచు ఒక రంగులో, మబ్బు మరొక రంగులో విడిపోతాయి. గత నాలుగైదేళ్ళ ఏప్రిల్ 20 ప్రాంతపు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ఏడాది మంచు ఎక్కువో తక్కువో మీకే తెలిసిపోతుంది. జోషీమఠ్‌లో మీకు గైడును కుదిర్చే మనిషిని కూడా క్యాంపు ఫోటోలు కాకుండా, శిఖరం కింది వాలు ఫోటోను, ఆ వారంలో తీసినదాన్ని, తేదీతో సహా పంపమని అడగండి. పంపడానికి తటపటాయిస్తే మరొకరిని చూసుకోండి.

ఇంత చేసినా ఉపగ్రహం మంచు ఎక్కడ ఉందో చూపుతుంది గాని, అది ఎంత లోతుందో, ఎంత గట్టిగా ఉందో చూపదు. మీ కాలికి కావలసింది ఆ రెండోదే.

మనకు మంచు అంటే ధనుర్మాసంలో పొలాల మీద దిగే పొగమంచు, గడ్డి మీద నీటిబొట్టు. కొండ మీద పడే దానికీ అదే పేరు పెట్టి సరిపెట్టుకున్నాము. వసంతకాలపు మంచు అలా ఒక్క పేరుకు లొంగేది కాదు, పూటపూటకూ మారుతుంది. పగటి ఎండకు పైపొర కరిగి నీరు లోపలికి ఇంకుతుంది. రాత్రి చలికి అదే నీరు రేణువులను ఒకదానికొకటి అతికించి గట్టి పలకలా చేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి దాని మీద బూటు మడమ పెడితే బెల్లం అచ్చును గోటితో గీసినట్టు కరకరమంటుంది, కాలు దిగదు. తొమ్మిదింటికి చీలమండ దాకా దిగుతుంది. పదకొండింటికి మోకాలి దాకా దిగి, తీసి వేసే ప్రతి అడుగుకూ ఊపిరి అడుగుతుంది. తాడిపత్రి దగ్గర పెన్నలో మిట్టమధ్యాహ్నం పొడి ఇసుకలో నడిచినవారికి ఆ అలసట కొంత తెలుసు. అందుకే శిఖరానికి బయలుదేరేవారు రాత్రి రెండు మూడు గంటలకే లేస్తారు. అది సూర్యోదయం చూడాలన్న సరదా కోసం పెట్టుకున్న వేళ కాదు.

ఈ లెక్క అంతా రాత్రి మంచు గడ్డకడుతుందన్న ఒక్క ఆధారం మీద నిలిచి ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి పైకి పోయి మంచు గడ్డకడుతుంది. మబ్బు దుప్పటిలా కప్పి ఉంటే ఆ వేడి కిందనే నిలిచి, గాలి చల్లగా ఉన్నట్టు తోచినా, మంచు రాత్రంతా మెత్తగానే ఉండిపోతుంది. కాబట్టి డేరా బయట ఒక పళ్ళెంలో వేలెడు నీళ్ళు పోసి పడుకోండి. రెండింటికి లేచినప్పుడు నక్షత్రాలు కనిపించకపోయినా, పళ్ళెంలో నీళ్ళు గడ్డకట్టకపోయినా ఆ రోజు శిఖరం మాట మరచిపోండి.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక ఏప్రిల్‌లో అటువంటి రాత్రే మేము నలుగురం బయలుదేరాము. నక్షత్రాలు లేవు, గైడు చేతికర్రతో మంచును పొడిచి చూస్తే కర్ర మూరెడు దిగింది, అతను తల అడ్డంగా ఊపాడు. మర్నాడు దిగిపోకపోతే రైలు అందదని అతన్ని మేమే ఒప్పించాము. నలభై నిమిషాల దారికి రెండు గంటలు పట్టింది. బండరాళ్ళ మధ్యకు వచ్చేసరికి, రాళ్ళ వేడికి వాటి చుట్టూ మంచు లోలోపల కరిగి గుల్లగా ఉంటుందన్న సంగతి తెలియని మా మిత్రుడి ఎడమకాలు తొడ దాకా దిగబడింది. బూటు రెండు రాళ్ళ సందులో ఇరుక్కుంది. చేతులతో, అన్నం పళ్ళెంతో తవ్వి కాలు బయటికి తీసేసరికి ఇరవై నిమిషాలు. బూటు తీయడానికి మరో పది. ఆ పది నిమిషాలూ అతను తడిసిన మేజోడుతో మంచు మీద నిలబడ్డాడు. కాలు విరగకపోవడం మా తెలివి వల్ల కాదు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాము. మరునాటి రాత్రి ఆకాశం కడిగినట్టు ఉంది, కొండ గట్టిపడే ఉంటుంది. మేము మాత్రం రైలు కోసం ఋషీకేశ్ బస్సులో ఉన్నాము. పైన చెప్పిన మూడు రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చింది.

పంగర్చుల్లా ఎత్తు సుమారు 4,590 మీటర్లు. సాధారణంగా చివరి మజిలీ చేసే ఖుల్లారా 3,350 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే ఒక్క పూటలో 1,200 మీటర్లకు పైగా ఎక్కి, అంతా మళ్ళీ దిగాలి. గుత్తి కోట చుట్టూ ఉన్న నేల మీద నుంచి సుమారు 300 మీటర్లు లేస్తుంది. ఒక తెల్లవారుజామున గుత్తి కోటను వరసగా నాలుగుసార్లు ఎక్కి దిగడమన్నమాట, అది కూడా గాలి పలచబడిన చోట. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 57 శాతం మాత్రమే ఉంటుంది. మీరు అలిపిరి మెట్ల మీద సంపాదించిన దమ్ము తొడలకు పనికివస్తుంది, తలనొప్పిని ఆపదు. ఆరోగ్యవంతులే ముందుగా పడిపోవడం నేను చూశాను, ఎందుకంటే వారు వేగంగా ఎక్కుతారు.

ఎత్తుకు అలవాటు పడే విషయంలో వైద్యులు చెప్పేది, 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగమని. మీరు సుమారు 335 మీటర్ల ఎత్తున్న అనంతపురం నుంచి రెండు రాత్రులు రైలులో, ఆపై ఋషీకేశ్ నుంచి పగలంతా రోడ్డు మీద వెళ్ళి 1,890 మీటర్ల జోషీమఠ్‌లో దిగుతారు. అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగండి, ఔలీ దాకా నడిచి వచ్చి మళ్ళీ కిందనే పడుకోండి. ఖుల్లారాలో కూడా ఒక రాత్రి అదనంగా ఉండి, మొదట కువారీ కనుమకు పోయి వచ్చి, ఆ తర్వాతి రాత్రి శిఖరం సంగతి ఆలోచించండి. తలనొప్పితో పాటు వికారం గాని, తూలుడు గాని, పడుకున్నా తగ్గని ఆయాసం గాని వస్తే ఆ మనిషిని ఇంకొకరి తోడుతో ఆ పూటే కిందికి దించాలి, తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు. తోడు వెళ్ళేవారెవరో ఇప్పుడే నిర్ణయించుకోండి, పైన అడిగితే అందరూ శిఖరం వైపే చూస్తారు.

49 ఏళ్ళ మిత్రుని విషయం ఆయన వైద్యుడే చెప్పాలి. అదుపులో ఉన్న రక్తపోటు ఒక్కటే కారణంగా ఆగిపోనక్కరలేదు గాని, ఎత్తు కోసం చాలామంది వేసుకునే ఎసిటాజోలమైడ్ మాత్ర మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. ఆయన రక్తపోటు మాత్రలో కూడా అటువంటి మందు కలిసి ఉంటే ఒంట్లో నీరు తగ్గిపోయే ప్రమాదం ఉంది. సల్ఫా మందులు పడనివారు కూడా ముందే చెప్పుకోవాలి. మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే మాత్ర కాదది. ఇది ఆరుగురికీ వర్తిస్తుంది.

గైడు తప్పనిసరి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. గుత్తి కోటలో దారి రాతి మీద చెక్కి ఉంది. మంచు మీద దారి అన్నది ఉండదు, నిన్నటి అడుగులు నిన్నటి మంచువి. మీతో వచ్చేవారు ఎంతమందికి ఎందరో, తాడూ ఆక్సిజన్ సిలిండరూ పైదాకా తెస్తారో క్యాంపులో వదిలేస్తారో, ఎన్ని గంటలకు వెనక్కి తిప్పుతారో ఫోనులోనే అడగండి. చివరి ప్రశ్నకు 'మీ ఓపికను బట్టి సార్' అన్న జవాబు వస్తే అది జవాబు కాదని గ్రహించండి. అటవీ శాఖ అనుమతి కూడా వారి ద్వారానే తీసుకోవడం తేలిక.

హిమపాతం అంటే వాలు మీద పేరుకున్న మంచు ఒక్కసారిగా విరిగిపడటం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. అది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులలో జరుగుతుంది. మనిషికి ఎక్కడానికి ముచ్చటగా కనిపించే వాలు సరిగ్గా అదే. కొత్త మంచు ఒక అడుగు పడితే కనీసం ఒక రోజు, గాలి కూడా తోడైతే రెండు రోజులు ఏటవాలు జోలికి పోవద్దు. ఎండ ఎక్కాక రాళ్ళ అంచుల నుంచి చిన్నచిన్న మంచు ఉండలు దొర్లుకుంటూ రావడం మొదలైతే పైపొర పట్టు వదులుతున్నదని అర్థం. కాలు పెట్టగానే కింద 'ధుమ్'మని గుల్ల చప్పుడు వచ్చినా, కాలి ముందు మంచులో పగులు పరుగెత్తినా వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రావాలి. చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణ పరిశోధన సంస్థ జిల్లాల వారీగా హిమపాత హెచ్చరికలను ఒకటి నుంచి ఐదు స్థాయిలలో ప్రకటిస్తుంది; మీరు చూడవలసింది చమోలీ జిల్లా. 2025 ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలో బదరీనాథ్ పైనున్న మాణా దగ్గర రహదారి పనివారి శిబిరం మీద మంచు విరిగిపడి ఎనిమిది మంది చనిపోయినది రోజుల తరబడి మంచు కురిసిన తర్వాతే.

అయితే మీవంటి బృందాలకు హిమపాతం కంటే దగ్గరి శత్రువు చలి, ఆలస్యం. 2024 జూన్ మొదటి వారంలో, అంటే మనం ఎండాకాలమనుకునే నెలలో, ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ దారిలో కర్ణాటకవారే ఎక్కువగా ఉన్న 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. తొమ్మిది మంది తిరిగి రాలేదు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది గనుక, జోషీమఠ్‌లో మీరు స్వెటరుతో తిరిగే వేళకు శిఖరం మీద పదిహేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. తడిసిన నూలు బనియను ఒంటి మీద ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. నూలు బట్టలన్నీ జోషీమఠ్ గదిలోనే వదిలేయండి, జీన్సు అసలు తేవద్దు.

సామానులో కొనవలసినవి రెండే, బూట్లూ కళ్ళద్దాలూ. చీలమండ పైకి వచ్చే, నీరు దూరని బూట్లను నెల ముందే కొని వాటితోనే గుత్తి కోట ఎక్కండి. పదేళ్ళుగా అటక మీద ఉన్న స్నేహితుడి బూట్లు అడగవద్దు, వాటి అడుగు జిగురు చచ్చి సరిగ్గా మంచులోనే ఊడుతుంది. కళ్ళద్దాలు పక్కల నుంచి కూడా వెలుతురు రానివ్వనివి, మూడో నాలుగో తరగతి చీకటిదనం ఉన్నవి కావాలి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలలో 80 శాతం దాకా తిప్పి ముఖం మీదికే కొడుతుంది. అద్దాలు జేబులోనే పెట్టుకుని నడిచిన మనిషికి అప్పుడేమీ తెలియదు. రాత్రి ఎనిమిదింటికి కళ్ళలో మిరపపొడి పోసినట్టుందని లేచి కూర్చుంటాడు, మర్నాడు అతన్ని చెయ్యి పట్టుకుని దించాలి. మబ్బు పట్టిన రోజున కూడా తీయవద్దు. జారకుండా బూట్లకు తొడిగే చిన్న ముళ్ళ గొలుసులైన మైక్రోస్పైక్స్, మోకాలి కింద కట్టే గెయిటర్లు, చేతికర్రలు, డౌన్ జాకెట్టు అన్నీ జోషీమఠ్‌లో అద్దెకు దొరుకుతాయి. బూటు అడుగున బిగించే పొడవాటి ఇనుప కోరలైన క్రాంపాన్లూ, ఐస్ యాక్స్ అనే మంచు గొడ్డలీ ఉండి తీరవలసినంత గట్టి మంచు ఉంటే, వాడటం నేర్చుకోని మీరు ఎక్కకపోవడమే మేలు. సెల్‌ఫోను బ్యాటరీ చలికి ఊరికే దిగిపోతుంది, పడుకునేటప్పుడు ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఉపగ్రహ ఫోనుగాని, సందేశాలు పంపే ఉపగ్రహ పరికరంగాని ఎవరైనా విదేశం నుంచి తెచ్చి ఇస్తానంటే వద్దనండి. ప్రభుత్వ అనుమతి లేకుండా అవి మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరం.

వంకలు దాటవలసి వస్తే పొద్దున్నే దాటండి. పగటి కరుగునీరంతా సాయంత్రానికి వంకలో చేరుతుంది, దాని మీద వంతెనలా కప్పి ఉన్న మంచు అడుగు నుంచి పలచబడుతూ ఉంటుంది.

మీరు ఆరుగురూ అనంతపురంలో ఉండగానే ఒక కాగితం మీద రాసుకోవలసినవి నాలుగు మాటలు. ఎక్కడ ఉన్నా ఉదయం తొమ్మిదిన్నరకు వెనక్కి తిరగడం. రాత్రి మంచు గట్టిపడకపోతే బయలుదేరకపోవడం. ఒక్కరు ఆగుదామన్నా కారణం అడగకుండా అందరూ ఆగడం. గైడు వద్దంటే బతిమాలకపోవడం. నాలుగోది మాకు లేకపోయింది.

శిఖరం దక్కని పక్షంలో సెలవులు వృథా అయ్యాయని అనుకోనక్కరలేదు. కువారీ కనుమ దగ్గర నిలబడితే 7,816 మీటర్ల నందాదేవి, సంజీవని కోసం ఆంజనేయుడు పెకిలించుకుపోయాడని చెప్పే ద్రోణగిరి ఎదురుగా ఉంటాయి. తమ కొండను తీసుకుపోయాడన్న కోపంతో ఆ ద్రోణగిరి గ్రామంవారు ఇప్పటికీ హనుమంతుణ్ణి కొలవరు. మంచు మరీ ఎక్కువగా ఉండి కనుమ దాకా కూడా పోలేకపోతే, కిందికి దిగి చమోలీ, గోపేశ్వర్ మీదుగా చోప్తా చేరి 3,680 మీటర్ల తుంగనాథ్ దాకా నడవండి. అప్పటికి గుడి తలుపులు ఇంకా తెరవకపోవచ్చు గాని, దారి స్పష్టంగా ఉంటుంది. ఇక్కడ కూడా పొద్దున్నే బయలుదేరడం, మంచు మెత్తబడక ముందే దిగడం మామూలే.

ఏప్రిల్ 15 ప్రాంతపు ఉపగ్రహ చిత్రంలో ఖుల్లారా కంటే కింది అడవి దాకా తెల్లగా కనిపిస్తే నాకు మరొక ఉత్తరం రాయండి. అప్పుడు పంగర్చుల్లాను అక్టోబరుకు వాయిదా వేసి, తుంగనాథ్‌నే అసలు ప్రయాణంగా పెట్టుకుని తేదీలు వేసి ఇస్తాను.